పదకోశం నోటికి వచ్చింది, నివేదికలో మాత్రం ఆ పదాలు నిలబడటం లేదు: డిజైన్ టెక్నాలజీ విద్యార్థి ప్రశ్న

తొలిమెట్టు

అందరికీ నమస్కారం. నేను డిజైన్ టెక్నాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పాఠ్యపుస్తకం చివర ఉన్న పదకోశం మొత్తం నాకు నోటికి వచ్చు. ఎర్గోనామిక్స్, టాలరెన్స్, ప్రోటోటైప్, స్పెసిఫికేషన్, ఏది అడిగినా తడుముకోకుండా నిర్వచనం చెప్పగలను. అయినా ప్రాజెక్టు నివేదిక రాసేసరికి ఆ పదాలేవీ నాకు సాయపడలేదు.

నేను చేసినది పుస్తకాన్ని ఏటవాలుగా నిలబెట్టే ఒక చిన్న స్టాండ్. 3 మి.మీ. యాక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) పలకను లేజర్ యంత్రంతో కోసి, ఒక వీపు పలకను రెండు కాళ్లలోని గాడుల్లో దూర్చి నిలబెట్టాను. అందులో మూడు లోపాలు బయటపడ్డాయి. బరువైన పుస్తకం పెడితే వీపు పలక పైభాగం వెనక్కి వంగింది. గాడులు వదులుగా ఉండి కాళ్లు ఊగాయి. ఒకసారి బల్ల మీది నుంచి జారి పడినప్పుడు గాడి మూల దగ్గర పగులు వచ్చింది. మూడింటికీ నివేదికలో ‘తగినంత బలం లేకపోవడం’ అనే కారణం రాశాను. మా ఉపాధ్యాయురాలు మూడుచోట్లా ప్రశ్నార్థకం పెట్టారు. అంతేకాక స్పెసిఫికేషన్‌లో ‘స్టాండ్ ఎర్గోనామిక్‌గా, అందంగా, దృఢంగా, పర్యావరణహితంగా ఉండాలి’ అని రాసిన వాక్యం కింద గీత గీసి, పక్కన ‘ఎవరికి? ఎంత? ఎలా తెలుస్తుంది?’ అని రాశారు.

నిర్వచనాలు తెలిసి కూడా నేను ఎక్కడ పొరబడుతున్నానో పెద్దలు చెప్పగలరా?

ఆకురాయి

నేను చాలా ఏళ్లుగా వర్క్‌షాపులో పాఠం చెబుతున్నాను. మీ మూడు లోపాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ‘బలం’ కాదు.

ఈ తికమకలో కొంత భాగం మన భాషదే. ఇంట్లో మనం ‘గట్టి’ అనే ఒక్క మాటతో నాలుగు గుణాలను చెప్పేస్తాం. రాయి గట్టిది, తాడు గట్టిది, బల్ల గట్టిగా ఉంది, ఈ ప్లాస్టిక్ ఎన్నిసార్లు పడేసినా పగలదు, గట్టిది. మాట్లాడుకోవడానికి ఇది చాలు, డిజైన్‌కు మాత్రం చాలదు. రాయి గట్టిదంటే గీత పడదని అర్థం, అది కఠినత్వం. తాడు గట్టిదంటే ఎంతో లాగితే గాని తెగదని అర్థం. దాన్ని స్ట్రెంత్ అంటారు. (భౌతికశాస్త్ర పుస్తకం ‘బలం’ అన్న మాటను ఫోర్స్‌కు కేటాయించుకుంది కాబట్టి, ఇక్కడ స్ట్రెంత్ అనే రాయండి, గొడవ ఉండదు.) బల్ల గట్టిగా ఉందంటే బరువు పెట్టినా వంగదని అర్థం, అది స్టిఫ్‌నెస్, అంటే వంపుకు లొంగకపోవడం. పడేసినా పగలకపోవడం టఫ్‌నెస్, అంటే దెబ్బలోని శక్తిని పగలకుండా తనలో ఇముడ్చుకోవడం. దానికి వ్యతిరేకం పెళుసుదనం. గాజు కఠినమైనదే, వంపుకు లొంగనిదే, కానీ పెళుసు. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే నాలుగింటినీ కలిపేయరు.

ఇప్పుడు మీ స్టాండ్ సంగతి. వీపు పలక వంగింది, విరగలేదు. కాబట్టి అది స్టిఫ్‌నెస్ సమస్య. ఇక్కడ రెండు విషయాలున్నాయి. మొదటిది పదార్థం స్వభావం, దాన్ని యంగ్ గుణకంతో కొలుస్తారు, అది ఎంత ఎక్కువైతే పదార్థం అంత తక్కువ వంగుతుంది. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి సుమారు 70, యాక్రిలిక్‌కు దాదాపు 3. రెండవది ఆకారం, మీ చేతిలో ఉన్నది ఇదే. పలక వంపుకు చూపే నిరోధం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందాన్ని రెట్టింపు చేస్తే నిరోధం 8 రెట్లవుతుంది. 3 మి.మీ. నుంచి 4 మి.మీ.కు వెళ్లినా 27 నుంచి 64కు, అంటే దాదాపు 2.4 రెట్లు పెరుగుతుంది. పలక అంచును వేడి చేసి ఒక సన్నని మడత పెట్టినా మంచి ఫలితం వస్తుంది. పల్చని కాగితాన్ని మధ్యలో మడిస్తే అది తన కాళ్ల మీద తాను నిలబడటం చూశారు కదా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అధిక స్ట్రెంత్ ఉన్న ఉక్కు తెచ్చినా మామూలు ఉక్కు కంటే తక్కువేమీ వంగదు, ఎందుకంటే రెండింటి యంగ్ గుణకం దాదాపు ఒక్కటే. అది విరగడానికి, శాశ్వతంగా వంకరపోవడానికి ఎక్కువ భారం కావాలి, అంతే. మీరు నివేదికలో ‘బలం చాలలేదు’ అని రాస్తే, చదివినవారు మీకు మరింత బలమైన పదార్థం వెతకమని సలహా ఇస్తారు. మీరు డబ్బు పెట్టి తెచ్చిన తరువాత కూడా పలక అంతే వంగుతుంది.

పగులు సంగతి వేరు. గాడి లోపలి మూలను మీరు చదరంగా, పదునుగా కోసి ఉంటారు. దెబ్బ తగిలినప్పుడు ఒత్తిడి అంతా అటువంటి మూల దగ్గరే పోగవుతుంది. యాక్రిలిక్ అసలే పెళుసు. మూలను చిన్న వంపుగా గుండ్రం చేయండి, పగులు మొదలయ్యే చోటు సగం పోతుంది. పదార్థమే మార్చాలంటే పాలికార్బొనేట్ అనే మరో ప్లాస్టిక్ దెబ్బకు చాలా బాగా ఆగుతుంది, కానీ యాక్రిలిక్ కంటే సులువుగా గీతలు పడుతుంది, స్టిఫ్‌నెస్‌లో యాక్రిలిక్‌ను మించదు, పైగా లేజర్ కింద మాడి నల్లబడుతుంది. ఏ గుణం కోసం ఏది వదులుకున్నారో రాస్తే అది పదార్థాల ఎంపిక అవుతుంది.

గాడుల సంగతి మూలమట్టం గారికి వదిలేస్తున్నాను. ఆయన ఈ విషయంలో నన్ను మాట్లాడనివ్వరు.

మూలమట్టం

ఆకురాయి గారు నన్ను బాగానే అంచనా వేశారు.

తొలిమెట్టు గారూ, ముందు ఒక ప్రశ్న. మీ పలక నిజంగా 3 మి.మీ. ఉందా, లేక 3 మి.మీ. అని అమ్మారా? వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు మూలలా కొలిచి చూడండి. 3 మి.మీ. అనేది నామమాత్రపు కొలత. చేతికి వచ్చే పలక 2.8 ఉండవచ్చు, 3.1 ఉండవచ్చు. రెండో సంగతి, లేజర్ కిరణానికి కూడా ఒక వెడల్పు ఉంది. రంపం పళ్ల మందమంత చెక్క పొట్టుగా రాలిపోయినట్లే, కిరణం వెడల్పు మేర పలక ఆవిరైపోతుంది. ఆ నష్టాన్ని కెర్ఫ్ అంటారు.

మీ సంఖ్యలు నాకు తెలియవు కాబట్టి ఉదాహరణకు కెర్ఫ్ 0.2 మి.మీ., పలక అసలు మందం 2.8 మి.మీ. అనుకుందాం. కిరణం గీత మధ్యగా నడుస్తుంది కనుక గాడికి ఇరువైపులా 0.1 చొప్పున అదనంగా పోతుంది. మీరు కంప్యూటర్‌లో 3.0 అని గీసిన గాడి, కోసిన తరువాత 3.2 అవుతుంది. అందులో 2.8 పలకను దూరిస్తే 0.4 మి.మీ. సందు మిగులుతుంది. కాళ్లు ఊగక ఏం చేస్తాయి? గాడిని 2.6 అని గీసి ఉంటే కోసేసరికి 2.8 వచ్చేది.

లెక్క నమ్మవద్దు, పరీక్ష ముక్క కోయండి. మిగిలిన పలక ముక్క అంచున 2.4 నుంచి 3.0 వరకు 0.1 తేడాతో ఏడు గాడులు దువ్వెన పళ్లలా గీసి కోయండి, ఒక్కో దానిలో పలకను దూర్చి చూడండి. ఒకటి అసలు దూరదు, ఒకటి జారిపోతుంది, నడుమ ఒకటి చేతితో నెడితే దూరి తిరగేసినా పడకుండా నిలుస్తుంది. మీకు కావలసినది ఆ నడుమది. జారిపోయేదాన్ని క్లియరెన్స్ ఫిట్ అని, ఒత్తి దూర్చవలసినదాన్ని ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ అని అంటారు. రెండింటికీ సందర్భాలున్నాయి. తలుపు బందులో తిరిగే మేకుకు మొదటిది, ఇరుసుకు బిగించే బేరింగ్‌కు రెండవది. యాక్రిలిక్‌లో మరీ ఒత్తి దూర్చితే గాడి మూల దగ్గరే చిట్లుతుంది, కాబట్టి ఆకురాయి గారు చెప్పిన గుండ్రని మూలను ఇక్కడ కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు టాలరెన్స్. మీ పదకోశం దాన్ని ‘అనుమతించిన తేడా’ అని చెప్పి ఉంటుంది. నిజమే, కానీ ఎవరు అనుమతించారు, ఎందుకు? 2.8 ± 0.1 మి.మీ. అని రాస్తే 2.7 నుంచి 2.9 వరకు ఏది వచ్చినా వస్తువు పనిచేస్తుందని డిజైనర్ హామీ ఇస్తున్నాడన్నమాట. ఆ హామీ పరీక్ష ముక్క నుంచి రావాలి. అవసరం లేనిచోట ± 0.01 అని రాసి తమ పనితనాన్ని చాటుకోవాలనుకునే విద్యార్థులున్నారు. అది చదివిన మరపనివాడికి నవ్వొస్తుంది, చేయించుకునేవాడికి ఖర్చు పెరుగుతుంది.

తేడాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయని కూడా తెలుసుకోండి. ± 0.2 ఉన్న అయిదు ముక్కలను వరుసగా పేరిస్తే మొత్తం పొడవు ± 1.0 దాకా పోవచ్చు. అందుకే ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి కొలుచుకుంటూ పోకుండా, అన్నింటినీ ఒకే అంచు నుంచి కొలుస్తారు. ఆ అంచును డేటమ్ అంటారు. చేతిలోకి పలక తీసుకోగానే ఒక అంచును నున్నగా, సూటిగా చేసి దానిమీద పెన్సిల్ గుర్తు పెట్టడం వడ్రంగులకు అలవాటు. ఆ గుర్తు చేసే పని ఇదే.

తొలిమెట్టు

ఇప్పుడే కొలిచాను. పలక 2.8, గాడి 3.2, సరిగ్గా మీ ఉదాహరణలో ఉన్నట్లే. నాకు కొంచెం సిగ్గుగా కూడా ఉంది, ఎందుకంటే టాలరెన్స్ నిర్వచనాన్ని గత నెల పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.

ఎర్గోనామిక్స్ గురించి కూడా అడుగుతాను. స్టాండ్ వాలు కోణాన్ని ‘సగటు మనిషికి’ సరిపోయేలా పెట్టానని రాశాను. అందులో తప్పుందా?

కొలబద్ద

ఉంది, అది చాలా పాత తప్పు. నేను ఉత్పత్తుల డిజైన్‌లో పనిచేస్తున్నాను, మా రంగంలో దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది.

1950లో అమెరికా వైమానిక దళం 4,000 మందికి పైగా పైలట్ల శరీర కొలతలు తీయించింది. విమానం కాక్‌పిట్‌ను సగటు పైలట్‌కు సరిపోయేలా చేయాలన్నది అప్పటి ఆలోచన. ఆ బృందంలో పనిచేసిన గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, చేతి పొడవు వంటి పది కొలతలను తీసుకుని, ప్రతి కొలతలోనూ నడిమి 30 శాతంలోకి వచ్చేవారిని ‘సగటు’గా లెక్కించాడు. పదింటిలోనూ సగటుగా ఉన్న పైలట్ 4,063 మందిలో ఒక్కడు కూడా దొరకలేదు. సగటు మనిషికి చేసిన కాక్‌పిట్ ఎవ్వరికీ చేసినది కాదని తేలింది. ముందుకు వెనక్కు జరుపుకోగల సీట్లు, మార్చుకోగల పెడల్స్ ఆ ఆలోచన నుంచి బలపడ్డాయి.

పదాల సంగతికి వస్తే, ఆంత్రోపోమెట్రిక్స్ అంటే శరీర కొలతల సమాచారం. ఎర్గోనామిక్స్ అంటే మనిషికీ, పనికీ, పరికరానికీ నడుమ పొత్తు కుదర్చడం. ఈ మాటను 1857లో పోలండ్ శాస్త్రవేత్త వోయ్‌చెక్ యాస్త్‌షెంబోవ్‌స్కీ పని, నియమం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల నుంచి కూర్చాడు. ఆంత్రోపోమెట్రిక్స్ దత్తాంశం, ఎర్గోనామిక్స్ నిర్ణయం. పట్టిక నుంచి సంఖ్య తెచ్చి నివేదికలో అతికిస్తే ఎర్గోనామిక్స్ అయిపోదు. ఆ సంఖ్య వల్ల వస్తువులో ఏం మారిందో చెప్పాలి.

సాధారణంగా 5వ పర్సెంటైల్ నుంచి 95వ పర్సెంటైల్ వరకు తీసుకుంటారు, అంటే ఆ కొలతలో నడిమి 90 శాతం మంది. కానీ ఏ చివర ముఖ్యమో పనిని బట్టి మారుతుంది. ద్వారం ఎత్తుకు పొడవైనవారు ప్రమాణం, ఎందుకంటే వారు తల తగలకుండా వెళ్లగలిగితే పొట్టివారు ఎలాగూ వెళ్లగలరు. పై అరను అందుకోవడానికి పొట్టివారు ప్రమాణం. మీ స్టాండ్‌లో ఈ రెండూ కావు. చదివేవారి కంటి ఎత్తు, బల్ల ఎత్తు, కూర్చునే తీరు మారుతూ ఉంటాయి కనుక ఒకే కోణం అందరికీ కుదరదు. కాలిలో ఒక గాడికి బదులు మూడు గాడులు పెడితే మూడు కోణాలు వస్తాయి. సగటు కంటే సర్దుబాటు మేలు.

ఇంకొక మాట. కొన్నిసార్లు చివరన ఉన్నవారి కోసం చేసినదే అందరికీ నచ్చుతుంది. 1990లో వచ్చిన ఆక్సో గుడ్ గ్రిప్స్ పీలర్‌ను కీళ్లనొప్పులున్న చేతికి కూడా పట్టు దొరికేలా లావుపాటి మెత్తని పిడితో చేశారు. నొప్పి లేనివారు కూడా దాన్నే కొన్నారు. ఇటువంటి ఆలోచనను ఇన్‌క్లూసివ్ డిజైన్ అంటారు.

సానరాయి

నాకు ఈ చర్చలో ఒక అభ్యంతరం ఉంది. అందరూ కలిసి ‘నిర్వచనాలు బట్టీ పట్టడం వృథా’ అన్న అభిప్రాయాన్ని విద్యార్థికి కలిగిస్తున్నారు. పరీక్షలో ప్రశ్న ‘థర్మోప్లాస్టిక్‌ను నిర్వచించండి’ అని వస్తుంది, ‘నీ స్టాండ్ ఎందుకు ఊగింది’ అని రాదు. పైగా కొన్ని పదాలు పేరును బట్టి ఊహించుకుంటే కొంప ముంచుతాయి. హార్డ్‌వుడ్ అంటే కఠినమైన చెక్క అని రాసేవారిని ఎంతమందిని చూడలేదు? బాల్సా చెక్క గోటితో నొక్కితే సొట్ట పడుతుంది, అయినా అది హార్డ్‌వుడ్. వెడల్పాటి ఆకులుండే వృక్షజాతి నుంచి వచ్చేది హార్డ్‌వుడ్, పైన్ వంటి శంకువులు కాసే చెట్ల నుంచి వచ్చేది సాఫ్ట్‌వుడ్. ఇది వృక్షశాస్త్ర విభజన, గట్టిదనంతో నిమిత్తం లేదు. ఇది అనుభవంతో తెలిసేది కాదు, చదివి గుర్తుపెట్టుకోవలసిందే.

ఆకురాయి

సానరాయి గారి మాట న్యాయమైనదే, నేను ఒప్పుకుంటున్నాను. స్తరణీయత, తాంతవత అన్న జంటను కూడా ఊహతో చెప్పలేం: కొడితే రేకుగా సాగేది మొదటిది, లాగితే తీగగా సాగేది రెండవది. సీసం రేకుగా చక్కగా సాగుతుంది, తీగగా లాగితే సులువుగా తెగిపోతుంది. కాబట్టి నిర్వచనం కావాలి. నేను అనేది ఒక్కటే, నిర్వచనం చదివిన రోజునే ఆ గుణం ఉన్న వస్తువునూ, లేని వస్తువునూ పక్కపక్కన పెట్టుకుని చేతితో చూడాలి. రాగి తీగ ముక్కను ఒకేచోట పదిసార్లు అటూ ఇటూ వంచితే అది క్రమంగా బిగుసుకుని తెగుతుంది. వర్క్ హార్డెనింగ్ అన్న మాట ఆ రోజు నుంచి మరచిపోరు. ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది, అది అనీలింగ్.

చిత్తుప్రతి

నేను ప్రాజెక్టు నివేదికలు దిద్దుతాను, కాబట్టి మీ ఉపాధ్యాయురాలి మూడు ప్రశ్నల గురించి రాస్తాను.

బ్రీఫ్, స్పెసిఫికేషన్ అనే రెండింటినీ మీరు ఒకటిగా చూసినట్లుంది. బ్రీఫ్ అంటే ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, వారి కోసం ఏం చేయబోతున్నాం అని చెప్పే నాలుగు వాక్యాలు. అందులో పరిష్కారం ఉండకూడదు. ‘యాక్రిలిక్ స్టాండ్ చేస్తాను’ అని అక్కడే రాసేస్తే చెక్కకూ, తీగకూ తలుపు మూసేసినట్లే. స్పెసిఫికేషన్ అంటే పూర్తయిన వస్తువును పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యానికి ‘అవును’ లేదా ‘కాదు’ అని చెప్పగలిగే షరతుల చిట్టా. ‘దృఢంగా ఉండాలి’ అన్నదానికి అవును, కాదు అని ఎలా చెబుతారు? దాన్ని ఇలా మార్చి చూడండి: ‘1.5 కిలోల పుస్తకాన్ని పెట్టినప్పుడు వీపు పలక పై అంచు 5 మి.మీ. కంటే ఎక్కువ వెనక్కి వంగకూడదు.’ ఇప్పుడు దీన్ని కొలవడానికి ఒక స్కేలు, ఒక తూకం చాలు. మీ స్టాండ్ ఓడిపోయినా నివేదిక ఓడిపోదు, ఎందుకంటే ఎంత తేడాతో ఓడిందో మీ దగ్గర ఉంటుంది.

‘అందంగా’ అన్నదానికి సంఖ్య దొరకదని విద్యార్థులు వాదిస్తారు. సంఖ్య అక్కర లేదు, ఎంపిక కావాలి. అంచులు పారదర్శకంగా మెరవాలా, మసకగా ఉండాలా, మరమేకులు కనబడాలా, దాగాలా, ఇవి రాయండి చాలు.

ప్రోటోటైప్ గురించి కూడా ఒక మాట. అట్టముక్కతో చేసినది ఆకారాన్ని చూసుకోవడానికి ఉపయోగపడే మాడల్. పనిచేస్తుందో లేదో పరీక్షించగలిగేది ప్రోటోటైప్. సంచి అవసరం లేని తన వాక్యూమ్ క్లీనర్ కోసం జేమ్స్ డైసన్ 5,127 ప్రోటోటైప్‌లు చేశాడన్న సంగతి ప్రతి నివేదికలోనూ నాకు ఎదురవుతుంది. విద్యార్థులు దాన్ని పట్టుదలకు నిదర్శనంగా ఉదహరిస్తారు, కానీ నాకు అందులో ఆసక్తి కలిగించేది వేరు: ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, మళ్లీ మార్చడం. దాన్నే ఇటరేషన్ అంటారు. మీరు రెండో స్టాండ్‌లో మందం, కోణం, గాడి, పదార్థం అన్నీ ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా ఏది బాగుచేసిందో చెప్పలేరు.

రంపపుపొట్టు

రెండు ముక్కలు. మీకు ఒక్క స్టాండే కావాలంటే ఇంతవరకు చెప్పినది చాలు, తరగతిలో ముప్పై మందికి చేయాలంటే బ్యాచ్ ఉత్పత్తి మొదలవుతుంది, అప్పుడు జిగ్, ఫిక్స్చర్ అనే మాటలు పనికొస్తాయి. ముక్కను కదలకుండా పట్టుకునేది ఫిక్స్చర్. పట్టుకోవడమే కాక పనిముట్టుకు దారి కూడా చూపేది జిగ్. డ్రిల్లు బిట్టును సరిగ్గా ఒకేచోటికి నడిపించే రంధ్రమున్న దిమ్మె జిగ్ అవుతుంది.

అలాగే క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అస్యూరెన్స్ ఒకటి కాదు. తయారైన ముక్కను కొలిచి పనికిరానిదాన్ని తీసి పక్కన పడేయడం కంట్రోల్. పనికిరానిది తయారుకాకుండా ముందే పద్ధతిని కట్టుదిట్టం చేయడం అస్యూరెన్స్. మీరు కోసిన తరువాత గాడిని కొలిస్తే మొదటిది, కోయకముందే పరీక్ష ముక్క కోసుకుంటే రెండవది. ముక్కను తలకిందులుగా పెడితే అసలు దూరకుండా ఒక మూల కత్తిరించి ఉంచే పద్ధతి కూడా ఉంది. జపాన్ కర్మాగారాల నుంచి వచ్చిన ఆ ఉపాయాన్ని పోకా-యోకే అంటారు. నాకు ఇష్టమైన పదం అదే.

తొలిమెట్టు

‘పర్యావరణహితం’ ఒక్కటే మిగిలింది. యాక్రిలిక్‌ను రీసైకిల్ చేయవచ్చు కాబట్టి స్టాండ్ పర్యావరణహితమని రాశాను.

కొలబద్ద

చేయవచ్చు, కానీ చేస్తారా? ఆ రెండింటి నడుమ దూరం చాలా ఉంది.

యాక్రిలిక్ థర్మోప్లాస్టిక్. దాని పొడవాటి అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఉండవు కనుక వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఆకురాయి గారు చెప్పిన అంచు మడత సాధ్యమయ్యేది ఇందుకే. థర్మోసెట్‌లో గొలుసుల నడుమ అడ్డంగా రసాయన బంధాలు ఏర్పడిపోతాయి, ఒకసారి గట్టిపడ్డాక వేడి చేస్తే కరగదు, చివరికి మాడుతుంది. 1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్ ఆ కోవలోది. స్విచ్చులకూ, పాత టెలిఫోన్లకూ వాడింది అందుకే.

ఇప్పుడు మీ స్టాండ్‌కు మీరు జిగురు పూసి, రబ్బరు పాదాలు అతికించి, మీద స్టిక్కర్ వేశారనుకోండి. పలక రీసైకిల్‌కు పనికివచ్చేదే అయినా, దాన్ని ఎవరూ విడదీయరు. గాడుల్లో ఒత్తి దూర్చి, జిగురు లేకుండా నిలబెడితే విప్పడానికి అరనిమిషం పడుతుంది, విరిగిన కాలిని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. మూలమట్టం గారి 2.6 మి.మీ. గాడి ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది. దీన్ని విడదీయడానికి వీలుగా డిజైన్ చేయడం అంటారు. ముడిపదార్థం తీయడం నుంచి పారవేయడం దాకా ప్రతి దశలోనూ పడే భారాన్ని లెక్కించే పద్ధతి లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్. మీ స్థాయిలో పూర్తి లెక్క అక్కర లేదు, ఏ దశలో భారం ఎక్కువో గుర్తించి కారణం రాస్తే సరిపోతుంది.

ప్లాన్డ్ ఆబ్సలెసెన్స్, అంటే వస్తువు త్వరగా పాతబడేలా కావాలనే చేయడం గురించి రాసేటప్పుడు 1924లో బల్బు తయారీ కంపెనీలు ఫీబస్ కార్టెల్ అనే కూటమిగా ఏర్పడి బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించిన సంగతి ఉదహరించవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది: ఫిలమెంట్ బల్బు ఆయుష్షు పెంచితే అదే కరెంటుకు వచ్చే వెలుతురు తగ్గుతుంది. కార్టెల్ స్వార్థం నిజమే, ఇంజినీరింగ్ బేరం కూడా నిజమే. రెండూ రాయండి.

తొలిమెట్టు

పది రోజుల తరువాత వచ్చి రాస్తున్నాను. గాడి కొలతలో కొత్త పలక మందాన్ని బట్టి చేసిన సవరణ తప్ప, ఈసారి మార్చినది మందం ఒక్కటే. 4 మి.మీ. అని అమ్మిన పలక నిజానికి 3.8 ఉంది; పరీక్ష ముక్క కోసి గాడిని 3.6 అని గీశాను. కాళ్లు ఊగడం లేదు. 1.5 కిలోల పుస్తకంతో పాత పలక 8 మి.మీ. వంగేది, కొత్తది 3.5 మి.మీ. వంగింది. మూలలను గుండ్రం చేయడం తరువాతి విడతకు ఉంచాను.

నివేదికలో వాక్యాన్ని ఇలా మార్చాను: ‘మొదటి విడతలో వీపు పలక విరగలేదు గాని స్టిఫ్‌నెస్ చాలక 8 మి.మీ. వంగి, 5 మి.మీ. షరతును దాటింది, మందం 2.8 నుంచి 3.8కి పెంచగా వంపు 3.5కి తగ్గి షరతు నెరవేరింది.’ ఇది సరిగ్గా ఉందా?

మూలమట్టం

వాక్యం బాగుంది. మందం ఘనం లెక్క ప్రకారం వంపు 3.2 రావాలి, మీకు 3.5 వచ్చింది, గాడిలో పలక కొద్దిగా కదిలి ఉండవచ్చు, ఆ మాట కూడా ఒక వాక్యంలో రాయండి. పుస్తకం తీసేసిన తరువాత పలక మొదటి చోటికి వచ్చిందా?

తొలిమెట్టు

వెంటనే తీస్తే వచ్చింది. ఒకరోజు మాత్రం రాత్రంతా పుస్తకాన్ని అలాగే ఉంచాను. తెల్లవారి చూస్తే వంపు 4 మి.మీ. దాటింది. పుస్తకం తీశాక కూడా పై అంచు దాదాపు అర మి.మీ. వెనకే ఉండిపోయింది. కొలవడంలో నాదే పొరపాటనుకుని నివేదికలో రాయలేదు.

ఆకురాయి

పొరపాటు కాకపోవచ్చు. ప్లాస్టిక్ మీద భారం మారకుండా అలాగే ఉన్నా, గంటలు గడిచేకొద్దీ అది నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. దాన్ని క్రీప్ అంటారు, మీ పదకోశంలో ‘క’ దగ్గర వెతకండి. కానీ గాడి వదులైనా ఇలాగే కనబడుతుంది. ఈ రాత్రి గాడి పక్కనే పలక మీద ఒక గీత, పై అంచు దగ్గర ఇంకొక గీత పెట్టి పుస్తకం ఉంచండి. తెల్లవారి రెండు గీతలూ ఎంతెంత జరిగాయో, ఎన్ని గంటలకో ఇక్కడ రాయండి.